వాడకంతా ఒకే నంబరు

బోథ్‌లో మసీదు వెనక వాడలో ఎవరింటికి గ్యాసు బండ వచ్చినా మోగేది బిల్కీస్ ఫోనే. ఎవరి పింఛను పడినా, ఎవరి కార్డు మీద రేషను బియ్యం ఇచ్చినా, సర్కారు దవాఖానాలో ఎవరు చీటీ రాయించుకున్నా ఆ సంగతి మొదట తెలిసేది ఆమెకే. అలాగని వాడలో వేరే ఫోన్లు లేవని కాదు. మగవాళ్ళ ఫోన్లు మగవాళ్ళ జేబుల్లో చేన్లకూ మార్కెట్టుకూ పోతాయి. పిల్లల ఫోన్లలో ఏ ఆఫరు వస్తే ఆ సిమ్ము. ఇంటిపట్టున ఉండేదీ, ఏళ్ళ తరబడి నంబరు మార్చనిదీ, వచ్చినదాన్ని చదివి చెప్పగలిగేదీ బిల్కీస్ ఒక్కతే. పొద్దంతా ముందు గదిలో మిషను దగ్గర కూర్చుని చీరలకు ఫాల్ కుడుతుంది, పీకో చేస్తుంది. కాబట్టి ఎక్కడ ఏ కాగితం మీద నంబరు అడిగినా వాడలోని ఆడవాళ్ళు తడుముకోకుండా ఆమె నంబరే చెప్పేశారు.

అది వాళ్ళ తప్పంటే ఒప్పుకోవడం కష్టం. ఈ కాలంలో మనిషికి తిండి లేకపోయినా రెండు పూటలు ఓర్చుకోవచ్చు గాని, నంబరు లేకపోతే ఒక పూట గడవదు. బండకు నంబరు, బియ్యానికి నంబరు, సూది మందుకు నంబరు. చచ్చినవాడికి సర్టిఫికెట్టు కావాలన్నా బతికున్నవాడి నంబరు కావాలి. అడిగేవాడి సొమ్మేం పోయింది? అడిగి కూర్చుంటాడు. లేనివాళ్ళు ఉన్నవాళ్ళ దగ్గర చక్కెర బదులు తెచ్చుకున్నట్టు నంబరూ బదులు తెచ్చుకున్నారు. తేడా ఏమిటంటే చక్కెర తిరిగి ఇచ్చేస్తారు, నంబరు ఇవ్వరు.

బిల్కీస్ దీన్ని భారం అనుకోలేదు. నిజం చెప్పాలంటే లోపల కొంచెం గర్వం కూడా ఉండేది. పనికి ఒక పద్ధతి పెట్టుకుంది. కోడు ఎవరిదైతే వాళ్ళు తన కళ్ళ ముందు నిలబడితేనే చెబుతుంది. ఒకసారి గ్యాసు బండలవాడు సందు మొదట్లోంచే కేకేశాడు.

"కోడు చెప్పు అక్కా, ఎండకు మాడిపోతున్న."

"అనసూర్యను రానీ. దాని బండ, దాని కోడు."

"అనసూర్యక్క నల్లా కాడ ఉన్నది. నువ్వు చెప్తే అయిపోతది గదా."

"అయితే నల్లా కాడికే పోయి పిల్చుకరా."

పక్కింటి అనసూర్య తడి చేతులతో పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాకే ఆ అంకెలు బిల్కీస్ నోటి నుంచి వచ్చాయి. అప్పటి నుంచి వాడలో ఆమెకు కోడు బిల్కీస్ అని పేరు పడింది.

ఆ పద్ధతిలో ఒక లొసుగు మాత్రం ఉంది. అది అప్పట్లో ఎవరికీ కనబడలేదు, ఆమెకు కూడా. మెసేజీలన్నీ ఇంగ్లీషులో వస్తాయి. పదో తరగతి తెలుగులో చదివిన మనిషి, కూడబలుక్కుంటే ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. కాని మిషను మీద చీర జారిపోతుంటే కూడబలుక్కునే తీరిక ఎక్కడిది? బియ్యంలో రాళ్ళు ఏరినట్టు మెసేజీలోంచి అంకెలు మాత్రం ఏరి చదివేది. మిగతా రాత ఆమెకు లెక్కలోకి రాదు.

ఈ మధ్య ఆమెకు ఒక కొత్త బెంగ పట్టుకుంది. ఎదురింటి శంకరవ్వ పత్తి పైసలు ఆమె ఖాతాలో ఉన్నాయి.

శంకరవ్వకు ఊరి బయట కొంచెం నల్లరేగడి ఉంది. ఆ వయసులో కూడా తన పత్తి తనే ఏరుకుంటుంది. ఏళ్ళ తరబడి పత్తి కాయల మొనలు గీరుకుని గీరుకుని వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. బ్యాంకులో ఆ యంత్రం మీద వేలు పెడితే ఎర్ర దీపమే వెలుగుతుంది. ఆధార్ మళ్ళీ చేయించుకో అంటారు. అక్కడికి పోతే ముందు వేలు పడాలంటారు. ఈ తిరుగుడు పడలేక, పత్తి కొన్న సేటును బిల్కీస్ నంబరుకే పైసలు వేయమంది.

"నా దగ్గెరెందుకు అవ్వా? మీ అల్లునికి ఎయ్యిమను," అంది బిల్కీస్.

"అల్లునికేస్తే అల్లుని పైసలైతయి. నీ దగ్గెరుంటే నాయి నాకుంటయి. మిరుగు లోపల ఇంటి మీద రేకులేపియ్యాలె. గప్పటి దాక ఉండనీ."

మిరుగు అంటే మృగశిర కార్తె, వానలు మొదలయ్యే కాలం. శంకరవ్వ ఇంటి పాత పెంకులు పోయిన వానాకాలమే చేతులెత్తేశాయి. ఒక మూల గిన్నెలు పెట్టుకుని, ఇంకో మూల తను ముడుచుకుని పడుకుంది. ఆ ఇంటికి కప్పు పడాలంటే ఉన్నవి ఆ పైసలే. వేరే దిక్కు లేదు.

పరాయి సొమ్ము ఖాతాలో పడిన రోజు నుంచి బిల్కీస్‌కు కంటి మీద కునుకు సరిగా లేదు. ఆమె మొగుడు మునీర్ ట్రాలీ ఆటో నడుపుతాడు. బోథ్ నుంచి నిర్మల్‌కూ, నిర్మల్ నుంచి బోథ్‌కూ సామాను తోలడం అతని పని. పొద్దున లేచి ఫోను తెరిచి ఖాతా చూసుకుంటున్న భార్యను చూసి నవ్వేవాడు.

"కోడిపిల్లలనుకున్నవా, గంప లేపి లేపి సూస్తున్నవ్? ఏడికి పోతయి?"

"మనయి పోతే మనం ఏడుస్తం. అవ్వయి గవి," అనేది బిల్కీస్.

అది జరిగింది ఒక మంగళవారం. మునీర్ తెల్లారే నిర్మల్ పోయాడు. శంకరవ్వ పింఛను కోసం పోస్టాఫీసుకు పోతూ, తలుపు దగ్గర ఆగి, మేక అరిస్తే ఇన్ని నీళ్ళు పెట్టమని చెప్పి పోయింది. పెళ్ళి వాళ్ళ చీరలు కుప్పగా పడి ఉన్నాయి. సాయంత్రానికల్లా ఇవ్వాలి. మిషను నడుస్తుండగానే ఫోను మోగింది.

"నమస్కారమమ్మా. మేము పెన్షన్ విభాగం నుంచి మాట్లాడుతున్నామండి. మీ నంబరు మీద ఒక పెద్దావిడ పెన్షన్ ఉంది కదా?"

"ఎవరిది? శంకరవ్వదా?"

"అవునమ్మా, శంకరవ్వగారిదే."

చూశారా, పేరు వాడు చెప్పలేదు. ఈమే అందించింది. వాడలోని ఆడవాళ్ళ పింఛన్లన్నీ తన నంబరు మీదే ఉంటే, పెద్దావిడ అనగానే ఆ పొద్దున పింఛనుకు పోయిన శంకరవ్వే నోట్లోకి వచ్చింది. వాడు గుడ్డిగా విసిరిన రాయికి ఈమే చెట్టు వంచి కాయ తగిలించింది. ఇంకేముంది, వాడి పని తేలికైపోయింది.

"ఆవిడ మా కౌంటర్ దగ్గరే ఉన్నారమ్మా. వేలిముద్ర పడటం లేదు. పాపం చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నారు."

వేలిముద్ర పడటం లేదన్న మాటతో బిల్కీస్‌కు ఉన్న అనుమానం కాస్తా పోయింది. మన దగ్గర ఎండలో పనిచేసిన ఏ ముసలమ్మ వేలు పడుతుందని? అది వాడికీ తెలుసు. ఎన్ని ఊళ్ళలో ఎంతమంది ముసలమ్మల మీద ఆ మాట వాడాడో.

"గట్లనే అయితది సార్ ఆమెకు. జర కూసోబెట్టుండ్రి, కాళ్ళ నొప్పులు."

"తప్పకుండా అమ్మా. ఇప్పుడు మీ నంబరుకు ఒక కోడ్ వస్తుంది. అది చెబితే ఆవిడ పని అయిపోతుంది."

ఫోను కిణుక్కుమంది. బిల్కీస్ ఒక్క క్షణం ఆగింది. మనిషి తన కళ్ళ ముందు లేదు కదా అనుకుంది. మళ్ళీ తనే సర్దిచెప్పుకుంది. తన ముందు లేకపోతేనేం, ఆ సారు ముందు ఉంది కదా. ముసలిది నిలబడలేక నిలబడి ఉంటే పద్ధతి పట్టుకుని వేలాడటం న్యాయమా? అంకెలు ఏరింది, చదివింది.

వాడు థాంక్స్ చెప్పలేదు. అవతల ఏదో టకటక చప్పుడు. "ఇంకొక కోడ్ వస్తుందమ్మా, అదే చివరిది," అన్నాడు. ఈసారి గొంతులో తొందర ఉంది. రెండో మెసేజీ వచ్చింది. అప్పుడే శంకరవ్వ మేక అరిచింది. బిల్కీస్ మిషను ఆపి, "ఒక్క నిమిషం సార్, మేకకు నీళ్ళు పెట్టొస్త," అంది.

వాడు కంగారు పడ్డాడు. "లైన్ కట్ చేయకండమ్మా, సిస్టమ్ టైమ్ అయిపోతుంది. మీకు నమ్మకం లేదా? ఇదిగో, ఆవిడతోనే మాట్లాడండి."

ఫోనులోంచి ఒక ఆడగొంతు వచ్చింది. ముసలి వణుకు తెచ్చిపెట్టుకున్న గొంతు. "హలో... నేనేనమ్మా, శంకరవ్వను. ఆ నంబరు చెప్పేయమ్మా."

శంకరవ్వ ఫోను చెవికి పెట్టుకోదు.

ఒకప్పుడు పెట్టుకునేది. ఆమె కొడుకు లక్ష్మీరాజం మస్కట్‌లో కంపెనీ పనికి పోయి, అవ్వకు ఒక ఫోను కొనిచ్చాడు. ఒకనాడు అతని కంపెనీ సారు ఎవరో చేశాడు. హిందీలో మాట్లాడాడు. శంకరవ్వకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని పెద్ద సారు, నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడుతున్నాడు కదా అని, అతను ఆగినప్పుడల్లా "అచ్ఛా సార్, అచ్ఛా సార్" అంది. ఆ ఫోను పట్టుకుని బిల్కీస్ దగ్గరికి వచ్చింది. కంపెనీ సారు ఏదో మంచి మాటే చెప్పినట్టున్నాడు, కనుక్కొని చెప్పు బిడ్డా అంది. బిల్కీస్ తిరిగి చేసి కనుక్కుంది. లక్ష్మీరాజం పని చేస్తూ పైనుంచి పడి చనిపోయాడని, శవాన్ని పంపే ఏర్పాటు చేస్తున్నామని ఆ సారు ఇంతకు ముందే అవ్వకు చెప్పాడట. ఆ మాట అవ్వకు తెలుగులో చెప్పవలసి వచ్చింది బిల్కీస్‌కే. కొడుకు చావుకు అచ్ఛా అన్న నోరు ఇది అని శంకరవ్వ ఎన్ని రోజులు నోరు కొట్టుకుందో. ఆ తర్వాత ఆమె ఫోను ముట్టలేదు. ఎవరైనా చెవి దగ్గర పెట్టబోతే లేచి పోతుంది. ఆమె కాగితాలన్నిటి మీదా బిల్కీస్ నంబరు ఎక్కింది అప్పుడే.

బిల్కీస్ ఫోను కట్ చేసింది. వెంటనే మళ్ళీ మోగింది. కట్ చేసింది. మళ్ళీ మోగింది. ఆ మెసేజీలు తెరిచి, జీవితంలో మొదటిసారి అంకెలు వదిలేసి అక్షరాలు కూడబలుక్కుంది. మొదటి దాంట్లో గ్యాసు లేదు, పింఛను లేదు. తన బ్యాంకు పేరు ఉంది. తన ఖాతాను కొత్త ఫోనులో తెరుస్తున్నారని ఉంది. ఈ కోడు ఎవరికీ చెప్పవద్దని కూడా ఉంది. ఆ ఒక్క ముక్కా పెద్ద అక్షరాలతో ఉంది. రెండోదీ అదే బ్యాంకుది.

ఖాతా చూసుకుందామంటే తెరవడానికి భయం. తెరిస్తే వాడికి దారి ఇచ్చినట్టవుతుందేమో. మునీర్‌కు చేద్దామంటే అతను తోలుతూ ఉంటాడు, ఎత్తడు. పైగా ఈ ఫోనులో మాట్లాడితే వాడు వింటాడేమో. ఏది నిజమో ఏది కాదో తెలియని భయం అది. ఫోను ఆపేసి, చేతికందిన ఫాల్ గుడ్డలో చుట్టి, బుర్ఖా తగిలించుకుని, మిషను మీద చీర అలాగే వదిలేసి బయటపడింది. తలుపు గొళ్ళెం పెట్టిందో లేదో కూడా తెలియదు.

బ్యాంకుకు పోవాలంటే పోస్టాఫీసు ముందు నుంచే పోవాలి. శంకరవ్వ అక్కడ లైన్లో, గోడకు ఆనుకుని, నిమ్మళంగా కూర్చుని ఉంది. దూరం నుంచే చూసింది.

"ఏడికి బిడ్డా గట్ల ఉరుకుతున్నవ్?"

"దారం అయిపోయింది అవ్వా," అంది బిల్కీస్. ఆగలేదు, ఆమె మొహం చూడలేదు.

బ్యాంకులో నిలబడే సందు లేదు. విద్యాధర్ అనే సారు ఉంటాడు, కరీంనగర్ మనిషి. కాస్త విసుక్కుంటాడు గాని పని చేసి పెడతాడు. ఆయన బల్ల ముందు చేరినవాళ్ళను తోసుకుని బిల్కీస్ ఎదురుగా నిలబడింది. ఎప్పుడూ లైను దాటని మనిషి. గుడ్డ మూట బల్ల మీద పెట్టింది.

"ఏందమ్మా ఇది?"

"ఫోను సార్. దొంగ పడ్డడు. కోడు చెప్పిన."

విద్యాధర్ మూట విప్పాడు. "బంద్ చేసినవా? ఆన్ చెయ్యి."

"ఆన్ చేస్తే వాడు..."

"దొంగ ఫోన్ల లేడమ్మా. ఏడనో కూసున్నడు. ఎన్ని కోడ్లు చెప్పినవ్?"

"ఒక్కటి. రెండోది చెప్పలే."

"నిజంగ చెప్పలే?"

"చెప్పలే సార్. అల్లా మీద ఒట్టు."

ఆయన నంబరు అడిగాడు, ఆమె చెప్పింది. కంప్యూటరు మీద వేళ్ళు ఆడించాడు. ఆగాడు. మళ్ళీ ఆడించాడు. తెర మీద ఒక గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉంది. "సర్వర్ స్లో ఉన్నది. నిలవడు," అన్నాడు. ఈలోగా ఆమె ఫోను నుంచే సైబరు మోసాల వాళ్ళ నంబరు 1930కి కలిపి, చెవికి పెట్టుకోమని ఇచ్చాడు. అవతల సంగీతం వస్తోంది. ఇవతల చక్రం తిరుగుతోంది. బిల్కీస్ ఆ రెంటి మధ్య నిలబడింది.

నిలబడి ఏమేమో ఆలోచించింది. పైసలు పోతే ఆటో అమ్మి అయినా కడతారు, అది వేరే సంగతి. కాని ఎవరు నమ్ముతారు? ఫోనులో దొంగ వచ్చాడంటే ఆ దొంగను చూసినవాళ్ళు ఎవరు? వాడికి మొహం లేదు. కనబడే మొహం తనదొక్కటే. ముసలిదాని వేళ్ళు పడవు, చదువు రాదు, కొడుకు లేడు, అందుకే చప్పుడు లేకుండా మింగింది అంటారు. మొహం మీద అనరు. నిప్పు లేనిది పొగ రాదు గదా అని నల్లా దగ్గర అనుకుంటారు. ఇన్నేళ్ళు అందరి కోడ్లూ తన నోట్లోంచే వచ్చాయి కదా, అవన్నీ వెనక్కి తవ్వుకుంటారు. అప్పుడెప్పుడో మా పింఛను ఒక నెల పడలేదు, అది కూడా ఈమేనేమో అని ఒకామె అంటుంది. కాదని తను ఎన్ని గుమ్మాలెక్కి చెప్పుకోగలదు? అవ్వ ఏమంటుందో అన్నది మాత్రం ఊహించబోయి ఊహించలేకపోయింది. అక్కడ ఆమె బుర్ర ఆగిపోయింది.

"పైసలున్నయా సార్?"

"ఆగమ్మా."

ఆమె వెనక ఒక రైతు పాసుబుక్కు ముందుకు చాపి, "సార్, గిది జర ప్రింటు," అన్నాడు. విద్యాధర్ అతన్ని కసిరాడు. అప్పటికి చెవిలో సంగీతం ఆగి ఒక అమ్మాయి మాట్లాడింది. పేరు, ఊరు, ఖాతా, ఏం జరిగిందని ఒకదాని వెంట ఒకటి అడిగింది. బిల్కీస్ చెబుతుండగానే తెర మీద చక్రం ఆగింది. విద్యాధర్ కళ్ళద్దాలు పైకి నెట్టి దగ్గరికి వంగి చూశాడు.

"ఉన్నయ్," అన్నాడు. "మొత్తం ఉన్నయ్. వాడు కొత్త ఫోన్ల నీ ఖాతా తెరిచిండు. పైసలు పంపుడు గూడ మొదలువెట్టిండు. రెండో కోడు కోసం ఆగింది. గది చెప్తివా, గప్పుడే ఖాళీ. ఖాతా బంద్ చేస్తున్న. ఆధార్ కార్డు తీస్కోని రేపు రా, మల్ల తెరుద్దాం."

బిల్కీస్ అక్కడి బెంచీ మీద కూలబడింది. విద్యాధర్ నీళ్ళు తెప్పించాడు. తెప్పించి, తిట్టాడు కూడా.

"సదువుకున్నదానివే గదమ్మా. ఎవ్వలకు చెప్పొద్దని మెసేజ్‌ల రాసే ఉంటది గదా?"

"అన్నిట్ల గట్లనే రాస్తరు సార్. చెప్పొద్దని మీరే రాస్తరు. చెప్పకుంటే బండ ఇయ్యరు, బియ్యం ఇయ్యరు. నేనేది నమ్మాలె?"

విద్యాధర్ పాసుబుక్కు రైతు వైపు తిరిగాడు.

మధ్యాహ్నానికి మునీర్ వచ్చాడు. అంతా విన్నాడు. తిట్టలేదు.

"అవ్వకు చెప్పినవా?"

"చెప్పలే. చెప్తా."

"నక్కో, చెప్పకు," అన్నాడు. "నా మాటిను. పైసలు పోలే. ఎవ్వలకు తెల్వది. చెప్పినవనుకో, రేపు ఎవ్వలింట్ల ఏం పోయినా నీ దిక్కే సూస్తరు. లేని తద్దినం ఎందుకు తెచ్చుకునుడు?"

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. అందుకే ఆమెకు ఇంకా కష్టమైంది. అన్నం ముందు కూర్చుని లేచింది. మిషను ఎక్కితే దారం తెగింది, మళ్ళీ ఎక్కిస్తే మళ్ళీ తెగింది. సాయంత్రం గ్యాసు బండలవాడు వచ్చాడు. అనసూర్య గుమ్మంలో నిలబడింది. మనిషి కళ్ళ ముందే ఉంది, కోడు ఫోనులో ఉంది, ఇంగ్లీషు రాత మొత్తం కూడబలుక్కుంది, గ్యాసుదే. అయినా ఫోను అనసూర్య చేతికిచ్చి, "నువ్వే సదువుకో," అంది.

"ఏమాయె అక్కా? పానం బాగలేదా?" అంది అనసూర్య, వింతగా చూస్తూ.

ఆ చూపు తట్టుకోలేకపోయింది. ఈ రోజు చెప్పకపోతే ఇక ఈ వాడలో ఎవరి కళ్ళలోకీ సూటిగా చూడలేనని తెలిసిపోయింది. మునీర్ వద్దు వద్దంటుండగానే చెప్పులేసుకుని ఎదురింటికి పోయింది.

శంకరవ్వ వాకిట్లో మేకకు ఆకు వేస్తోంది. బిల్కీస్ గడప మీద కూర్చుని అంతా చెప్పింది. ఒక్క కోడు చెప్పేశానంది. దారం కోసం పోతున్నానని అబద్ధమాడానంది. పైసలు ఉన్నాయని చివర చెప్పింది, ముందు చెబితే అది సాకులా ఉంటుందని.

శంకరవ్వ చేతిలో మిగిలిన ఆకు కూడా మేక ముందు వేసింది.

"నా పేరు చెప్పి ఎవ్వలో ఆడిది మాట్లాడిందా?"

"అవ్ అవ్వా."

"ఫోన్ల?"

"అవ్."

"నేను ఫోన్ల మాట్లాడుతనని దానికెవ్వలు చెప్పిండ్రు," అంది శంకరవ్వ, కోపంగా కూడా కాదు. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని, తేల్చేసింది. "రేపు బ్యాంకు తెరువంగనే పైసలు తియ్యి. మునీర్‌ను ఆటో తెమ్మను. నిర్మల్ పోయి రేకులు కొనుక్కొద్దాం. రేకులైతే ఫోన్లకెల్లి ఎవ్వడు గుంజుకోడు."

మునీర్ చెప్పిందే అయింది అనుకుంది బిల్కీస్.

"మిరుగు దాక ఉండనియ్యమంటివి గదా అవ్వా. నా మీద భరోసా పోయిందా?"

శంకరవ్వ వచ్చి ఆమె పక్కన గడప మీద కూర్చుంది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"భరోసా పోతే నాలుగు ఇండ్లల్ల చెప్పుకుందును. నీకెందుకు చెప్తున్న? పైసలు పోతే నేను ఏడుస్త. ఏడ్చి, మల్ల ఏడాది పత్తి ఏరుకుంట. నీ పేరు పోతే ఏ చేన్ల ఏరుకొచ్చి ఇయ్యాలె బిడ్డా నీకు?"

పొద్దటి నుంచి కంట చుక్క రాని బిల్కీస్ అప్పుడు ఏడ్చింది. శంకరవ్వ ఊకోమని అనలేదు, పక్కనే కూర్చుని ఏడవనిచ్చింది.